ఎక్స్‌రే ట్యూబ్: వేడితో తీరని పేచీ

ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ చేతిలో ఉండే స్విచ్‌ని రెండు దశల్లో నొక్కాలి. సగం నొక్కగానే ఎక్కడో లోపల గుయ్‌మని ఒక రొద మొదలై క్షణంలో పైస్థాయికి చేరుతుంది. అప్పుడు పూర్తిగా నొక్కితే ఎక్స్‌రే పడుతుంది. బల్ల మీద పడుకున్న మనిషి ఆ రొదే ఎక్స్‌రే చప్పుడు అనుకుంటాడు. ఎక్స్‌రేకి చప్పుడు ఉండదు. వినపడేది ట్యూబ్ లోపల ఒక లోహపు పళ్లెం తిరగడం మొదలైన మోత. ఆ పళ్లెం నిమిషానికి 3,000 చుట్లో, కొన్ని యంత్రాల్లో 9,000 చుట్లో అందుకునే దాకా యంత్రం ఎక్స్‌రేని బయటికి రానివ్వదు. పళ్లెం కదలకుండా ఉన్నప్పుడు అంత ఎలక్ట్రాన్ల ధార ఒకే చోట పడితే అక్కడ లోహం కరిగి గుంట పడుతుంది.

ట్యూబ్ పనిచేసే తీరు మాత్రం రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఒక చివర వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఆ చివరని క్యాథోడ్ అంటారు. రెండో చివర యానోడ్. మధ్యలో లక్ష వోల్టుల దాకా తేడా పెడితే ఎలక్ట్రాన్లు శూన్యంలో దూసుకెళ్లి యానోడ్ మీది టంగ్‌స్టన్‌ని ఢీకొంటాయి. ఢీకొని ఆగే క్రమంలో వాటి శక్తిలో కొంత ఎక్స్‌రేగా మారుతుంది. ఎంత? 100 కిలోవోల్టుల దగ్గర నూటికి ఒక వంతు కూడా లేదు. మిగిలిన 99 పైచిలుకు వంతులూ వేడే. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. పైగా ఈ లెక్కని మార్చే ఉపాయం లేదు. టార్గెట్, అంటే ఎలక్ట్రాన్లు ఢీకొనే లోహం, దాని పరమాణు సంఖ్య ఒకటి, వోల్టేజ్ ఒకటి, ఈ రెండే ఆ నిష్పత్తిని తేలుస్తాయి. 74వ మూలకమైన టంగ్‌స్టన్ కంటే బరువైన సీసం, బంగారం లాంటివి వాడదామంటే అవి చాలా ముందే కరిగిపోతాయి. టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీల సెల్సియస్ కావాలి. లోహాల్లో అంతకు మించి ఓర్చుకునేది లేదు.

వేడి పుట్టడంతో గొడవ అయిపోలేదు. అది ఎంత చోట పుడుతుందన్నది అంతకంటే పెద్ద చిక్కు. గోడ మీద చేతి నీడ చూస్తే సంగతి తెలుస్తుంది. చిన్న బల్బు వెలుగులో నీడ అంచు గీత గీసినట్టు ఉంటుంది, పొడవాటి ట్యూబ్‌లైట్ వెలుగులో మసకబారుతుంది. ఎక్స్‌రే బొమ్మ కూడా నీడే. ఎముకలో సన్నని చీలిక కనపడాలంటే కిరణాలు పుట్టే చోటు, అంటే ఫోకల్ స్పాట్, ఎంత చిన్నదైతే అంత మంచిది. మామూలు ఎక్స్‌రేలో అది 0.6 లేదా 1.2 మిల్లీమీటర్లు, రొమ్ము పరీక్ష చేసే మామోగ్రఫీలో 0.3, కొన్నిసార్లు 0.1 మిల్లీమీటర్. మరోపక్క, కొట్టుకునే గుండెని ఫొటో తీయాలంటే కొన్ని మిల్లీసెకన్లలో పని కావాలి, దానికి చాలా పవర్ కావాలి. 100 కిలోవోల్టులు, 1 ఆంపియర్ అంటే 100 కిలోవాట్లు. వంద ఇస్త్రీపెట్టెల వేడిని చిటికెనవేలి గోరు కంటే చిన్న చోట కుమ్మరించడమన్నమాట.

చోటు చిన్నదిగా ఉండాలి, వేడి మాత్రం పెద్ద చోటుకి పంచాలి. ఎక్స్‌రే ట్యూబ్ ఇంజనీరింగ్ అంతా ఈ రెండు కోరికల మధ్య నలిగిందే. ఏ మలుపు దగ్గర చూసినా వేడి తగ్గలేదు, చోటు మారిందంతే: టార్గెట్ నుంచి పళ్లేనికి, పళ్లెం నుంచి బేరింగ్‌కి, బేరింగ్ నుంచి నూనెకి. అది సర్దుకునేసరికి గొడవ ఎదురు చివర, క్యాథోడ్ దగ్గర, లేచింది.

గాలి మిగిలిన గాజు బుడ్డి

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్‌రేని గమనించినప్పుడు వాడిన ట్యూబ్ ఎక్స్‌రే కోసం చేసింది కాదు. అందులో వేడి తీగ లేదు. కొద్దిగా మిగిలిన గాలే ఎలక్ట్రాన్లకు ఆధారం. గాలి అణువులు విడిపోయి ఏర్పడిన అయాన్లు క్యాథోడ్‌ని కొడితే ఎలక్ట్రాన్లు ఊడిపడేవి. అవి ఎదురుగా ఉన్న గాజు గోడకి తగిలితే ఎక్స్‌రే పుట్టేది. తగిలిన చోటు పెద్దది కావడంతో బొమ్మ మసకగా వచ్చేది. 1896లోనే లండన్‌లో హెర్బర్ట్ జాక్సన్ క్యాథోడ్‌ని గిన్నెలా పుటాకారంగా వంచి, ఎలక్ట్రాన్లను ఒక్క చోటికి గురిచేసి, అక్కడ ఏటవాలుగా ఒక ప్లాటినం రేకు పెట్టాడు. బొమ్మలో పదును వచ్చింది. దాంతోపాటే ప్లాటినం కరగడం కూడా వచ్చింది. పేచీ అక్కడే మొదలైంది.

అయితే ఆ రోజుల్లో వేడి కంటే పెద్ద తలనొప్పి ఆ గాలే. వాడేకొద్దీ గాలి అణువులు గాజులోకి, లోహంలోకి ఇంకిపోయి శూన్యం పెరిగేది. అప్పుడు ట్యూబ్ నడవాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి, కిరణాల చొచ్చుకుపోయే శక్తి మారిపోతుంది. దీన్ని సరిచేయడానికి పక్కన పల్లేడియం గొట్టం అమర్చి, దాన్ని మంటతో వేడి చేసి రవ్వంత హైడ్రోజన్‌ని లోపలికి పంపేవాళ్లు. వోల్టేజ్, కరెంట్ రెండూ ఆ గాలి ఒత్తిడికే ముడిపడి ఉండేవి కాబట్టి ఒకదాన్ని కదిపితే రెండోది దానంతట అదే కదిలేది. నిన్న బాగా పనిచేసిన ట్యూబ్ ఇవాళ ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆపరేటర్లు తమ చేతినే కిరణాల ముందు పెట్టి ఎముకలు ఎలా కనపడుతున్నాయో చూసుకునేవాళ్లు. రోజుకి ఎన్నోసార్లు. ఎడిసన్ ప్రయోగశాలలో ఇదే పని చేసిన క్లారెన్స్ డాలీ చేతులు తీయించుకోవాల్సి వచ్చింది, 1904లో క్యాన్సర్‌తో చనిపోయాడు. ట్యూబ్ నిలకడగా లేకపోవడం బొమ్మకే కాదు, మనిషికీ చేటు తెచ్చింది.

కూలిడ్జ్ చేసిన అసలు మార్పు

1913లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం కూలిడ్జ్ తెచ్చిన ట్యూబ్ ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు. కూలిడ్జ్ అప్పటికే బల్బుల కోసం ఒక గట్టి పని సాధించి ఉన్నాడు. పెళుసుగా ఉండి గట్టిగా వంచితే విరిగే టంగ్‌స్టన్‌ని వేడి మీద సాగదీసి సన్నని తీగగా మలిచే పద్ధతి అతనిదే. ఆ తీగనే క్యాథోడ్‌లో పెట్టాడు, ఆ లోహంతోనే టార్గెట్ చేశాడు. వేడెక్కిన తీగ ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి గాలి అక్కర్లేదని అదే ప్రయోగశాలలోని ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ తేల్చాడు. దాంతో ట్యూబ్‌లోని గాలిని వీలైనంత మేర తోడేశారు. గాజుని, లోహాన్ని గంటల తరబడి కాల్చి, వాటిలో దాగిన గాలిని కూడా బయటికి లాగారు.

దీని ఫలితం చిన్నగా కనపడుతుంది కానీ చాలా లోతైనది. ఫిలమెంట్ వేడిని పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది, వోల్టేజ్ పెంచితే వాటి వేగం పెరుగుతుంది. రెండు పిడులు విడివిడి అయ్యాయి. ఇవాళ్టికీ టెక్నీషియన్ ప్యానెల్ మీద కేవీ (కిలోవోల్టులు), ఎంఏ (మిల్లీఆంపియర్లు) అని విడిగా పెట్టుకునేది అందుకే. ఈ రోజు పెట్టిన అంకెలు రేపు పెట్టినా అదే బొమ్మ వస్తుంది. చేతిని అడ్డం పెట్టి చూసుకునే పని పోయింది. శాస్త్రపరంగా ఎక్స్‌రేని కనిపెట్టింది రాంట్‌జెన్ అయితే, దాన్ని నమ్మదగ్గ పనిముట్టుగా మార్చిన ఘనత కూలిడ్జ్‌కే దక్కాలి.

గాలి గొడవ తీరగానే వేడి గొడవ ముందుకొచ్చింది. ఎలక్ట్రాన్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతున్నాయి, తట్టుకోవాల్సింది టార్గెట్. మొదటి జవాబు సులువైనదే. రెండు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న టంగ్‌స్టన్ బిళ్లని పెద్ద రాగి దిమ్మలో పొదగడం. టంగ్‌స్టన్ వేడిని ఓర్చుకుంటుంది, రాగి దాన్ని అంతకంటే రెట్టింపు చురుగ్గా వెనక్కి లాగేస్తుంది. పళ్ల ఎక్స్‌రే తీసే చిన్న యంత్రాల్లో ఈ కదలని యానోడే ఇప్పటికీ ఉంది. పవర్ తక్కువ చాలే చోట అంతకు మించిన హంగు అనవసరం.

ఏటవాలు, ఆ తర్వాత తిప్పుడు

రెండో జవాబులో ఒక చమత్కారం ఉంది. 1918లో జర్మనీలో గోట్జే చెప్పిన ఉపాయం ఇది. చేతిలో పెన్సిల్‌ని పక్క నుంచి చూస్తే పొడవుగా కనపడుతుంది, దాన్ని కొంచెం కొంచెంగా కంటి వైపు తిప్పితే పొడవు కుంచించుకుపోయి చివరికి చుక్క అవుతుంది. పెన్సిల్ మాత్రం అలాగే ఉంది. యానోడ్ ముఖాన్ని ఏటవాలుగా కోసి, ఎలక్ట్రాన్లను దాని మీద పొడవాటి గీతలా పడనిస్తే, వేడి ఆ గీత పొడవంతా పరుచుకుంటుంది. కింద నుంచి చూసే ఫిల్మ్‌కి మాత్రం ఆ గీత చుక్కలా కనపడుతుంది. ఏటవాలు 12 డిగ్రీలైతే 5 మిల్లీమీటర్ల గీత 1 మిల్లీమీటర్‌గా కనపడుతుంది. అంటే బొమ్మ పదును చెడకుండా ఐదు రెట్ల చోటు దొరికినట్టు. 7 డిగ్రీలకు తగ్గిస్తే ఎనిమిది రెట్లు.

మరి ఇంకా తగ్గించుకుంటూ పోవచ్చు కదా? ఏటవాలు తగ్గేకొద్దీ కిరణాలు పరుచుకునే మేర ఇరుకైపోతుంది, పెద్ద ఫిల్మ్ అంచులకు అందవు. ఇంకొకటి, కిరణాలు పుట్టేది టంగ్‌స్టన్ ఉపరితలానికి కాస్త లోపల. యానోడ్ వైపు వెళ్లే కిరణాలు ఎక్కువ లోహాన్ని దాటుకుని రావాలి కాబట్టి ఆ పక్క బొమ్మ పలచబడుతుంది. హీల్ ఎఫెక్ట్ అని పిలిచే ఈ లోపాన్ని తీసేయలేక, దాన్నే వాడుకోవడం నేర్చుకున్నారు. శరీరంలో మందమైన భాగాన్ని క్యాథోడ్ వైపు ఉంచుతారు. మామోగ్రఫీ యంత్రంలో క్యాథోడ్ ఎప్పుడూ ఛాతీ వైపే ఉండేది ఇందుకే.

ఏటవాలు ఇచ్చే లాభం ఐదు, ఎనిమిది రెట్ల దగ్గర ఆగిపోయింది. అసలు పెద్ద అంగ 1929లో ఫిలిప్స్‌లో ఆల్బర్ట్ బవర్స్ బృందం మార్కెట్‌లోకి తెచ్చిన రొటాలిక్స్ ట్యూబ్. ఎలక్ట్రాన్ల ధారని కదపకుండా టార్గెట్‌నే తిప్పేయడం దాని కిటుకు. సాన చక్రం మీద కత్తి ఒకే చోట ఆనుతుంది, రాయి మాత్రం చుట్టూ సమంగా అరుగుతుంది. ఇదీ అలాగే. ఫిల్మ్‌కి కనపడే చుక్క కదలదు, వేడి మాత్రం పళ్లెం చుట్టూ పట్టీలా పరుచుకుంటుంది.

దగ్గరగా లెక్కేస్తే ఇందులో ఏం ఒరుగుతుందో తెలుస్తుంది. పళ్లెం మీద ఆ పట్టీ వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 314 మిల్లీమీటర్లు. నిమిషానికి 9,000 చుట్లంటే సెకనుకి 150. ఆ లెక్కన పట్టీ సెకనుకి 47 మీటర్లు, అంటే గంటకి 170 కిలోమీటర్ల వేగంతో ధార కింద నుంచి జారిపోతుంది. 1 మిల్లీమీటర్ వెడల్పున్న ధార కింద లోహపు ఒక్కో చుక్క ఉండేది సెకనులో 47,000వ వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలోనే దాని పైపొర 2,500 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. వెంటనే పక్కకు తప్పుకుని, 7 మిల్లీసెకన్ల లోపు తిరిగొచ్చేసరికి ఆ వేడి లోపలికి ఇంకి పైపొర చాలామేర చల్లబడి ఉంటుంది. పళ్లెం మొత్తం మీద మాత్రం వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల ఎర్రగా కాగుతూనే ఉంటుంది.

శూన్యంలో తిరిగే బేరింగ్

తిప్పాలని అనుకోవడం వేరు, శూన్యంలో తిప్పడం వేరు. గాజు గోడకి చిల్లు పెట్టి ఇరుసు లోపలికి పంపితే గాలి చొరబడుతుంది. కాబట్టి మోటర్‌ని రెండుగా విడగొట్టారు. తీగచుట్టలున్న స్టేటర్ గోడ బయట, తిరిగే రోటర్ గోడ లోపల. అయస్కాంత క్షేత్రం గాజుని దాటి వెళ్లి రోటర్‌ని తిప్పుతుంది. ఇండక్షన్ మోటర్‌కి తీగల కలయిక అక్కర్లేదన్న గుణం ఇక్కడ సరిగ్గా అక్కరకొచ్చింది.

బేరింగ్‌కి మాత్రం ఇలాంటి సులువైన దారి దొరకలేదు. నూనె, గ్రీజు వేస్తే శూన్యంలో ఆవిరైపోయి ట్యూబ్‌నే చెడగొడతాయి. అందుకని ఉక్కు గుండ్ల మీద వెండి లేదా సీసం పలచగా పూత పూస్తారు. మెత్తని లోహం కందెనలా పనిచేస్తుంది. అదైనా వేడెక్కితే పాడవుతుంది, పక్కనే వెయ్యి డిగ్రీల పళ్లెం ఉంది. దాంతో పళ్లేన్ని రోటర్‌కి కలిపే కాడని కావాలని సన్నగా, మాలిబ్డినంతో చేస్తారు. వేడి కిందికి దిగకూడదు. అంటే పళ్లెం చల్లబడటానికి తాకిడి దారి మూసేసినట్టే. మిగిలింది ఒక్కటే, కొలిమిలో ఇనుములా ఎర్రగా వెలుగుతూ వేడిని చుట్టూ చిమ్మడం. ఇలా వెలువడే వేడి నిరపేక్ష ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపైతే పదహారు రెట్లు. కాబట్టి పళ్లెం ఎర్రగా ఉన్నంతసేపూ గబగబా చల్లబడుతుంది, కొంచెం చల్లబడగానే నత్తనడక మొదలవుతుంది. వరసగా రోగులున్నప్పుడు ‘ట్యూబ్ చల్లారనివ్వండి’ అంటూ యంత్రం స్క్రీన్ మీద మొరాయించేది ఈ నత్తనడక వల్లే.

దశాబ్దాల పాటు ఇంతే. ఎక్కువ వేడి పట్టాలంటే పళ్లేన్ని పెద్దది చేయాలి, పెద్ద పళ్లెం బరువు బేరింగ్‌ని అరగదీస్తుంది, తిరగడం మొదలెట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. 1989లో ఫిలిప్స్ తెచ్చిన మరో ట్యూబ్ ఈ ముడిని విప్పింది. గుండ్లు తీసేసి, ఇరుసుకీ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య తల వెంట్రుక కంటే సన్నని సందులో ద్రవలోహం నింపారు. గాలియం, ఇండియం, తగరం కలిపిన ఆ మిశ్రమం గది ఉష్ణోగ్రతకే నీళ్లలా ఉంటుంది, శూన్యంలో ఆవిరి కాదు. ఇరుసు మీద చేప ముళ్ల ఆకారంలో గాడులు చెక్కుతారు. తిరిగేటప్పుడు ఆ గాడులు ద్రవాన్ని లోపలికి తోస్తూ ఒత్తిడి పుట్టిస్తాయి. పళ్లెం ఆ ద్రవం మీద తేలుతుంది, లోహానికి లోహం తగలదు.

దీనివల్ల అరుగుదల తగ్గిందని అనుకుని ఊరుకుంటే అసలు లాభం చూడనట్టే. ద్రవలోహం వేడిని మోస్తుంది. ఇన్నాళ్లూ మూసి ఉంచిన తాకిడి దారి తెరుచుకుంది. పళ్లెం నుంచి వేడి ఇరుసులోకి, అక్కడి నుంచి బోలు ఇరుసు లోపల పారే నూనెలోకి పోతుంది. మీగడ తరకలాంటి ఇంకో లాభం కూడా ఉంది. అరుగుదల లేదు కాబట్టి పొద్దున స్విచ్ వేస్తే సాయంత్రం దాకా పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. మొదట చెప్పిన ఆ గుయ్‌మనే రొద, ఆ క్షణం నిరీక్షణ ఇక్కడ ఉండవు. గుండె రక్తనాళాల్లో తీగ నడుపుతున్న డాక్టర్‌కి ఆ క్షణం చాలా విలువైనది. కష్టమల్లా తయారీలో ఉంది. గాలియం చాలా లోహాలను తినేస్తుంది. కాబట్టి దాన్ని తాకే భాగాలన్నీ మాలిబ్డినం లాంటి, దానికి లొంగని వాటితోనే చేయాలి, అదీ మైక్రాన్ల ఖచ్చితత్వంతో.

పళ్లెం దేనితో చేయాలి

మొదట్లో పళ్లెమంతా టంగ్‌స్టనే. అది బరువు, పైగా చల్లగా ఉన్నప్పుడు పెళుసు. ప్రతి ఎక్స్‌పోజర్‌కీ పైపొర ఉబ్బి, మళ్లీ కుంచించుకుని, కొన్ని వేల సార్లయ్యాక ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది. ఎలక్ట్రాన్లు ఆ నెర్రెల లోపలికి దిగి అక్కడ కిరణాలు పుట్టిస్తాయి, ఆ కిరణాలు నెర్రె గోడలకే తగిలి ఆగిపోతాయి. అవే కేవీ, ఎంఏ పెట్టినా బొమ్మ రోజురోజుకీ పలచబడుతుంది. టంగ్‌స్టన్‌లో 5 నుంచి 10 శాతం రీనియం కలిపితే లోహానికి సాగే గుణం వచ్చి నెర్రెలు బాగా తగ్గుతాయి. రీనియం చాలా అరుదైన లోహం కాబట్టి పళ్లెమంతా అక్కర్లేదు, పై పొర ఒక్కటి చాలు. కింద భాగాన్ని తేలికైన మాలిబ్డినంతో, అందులో కాస్త టైటానియం, జిర్కోనియం కలిపిన మిశ్రమంతో చేస్తారు.

ఆ కింద గ్రాఫైట్ అతికిస్తారు. బొగ్గు జాతి పదార్థం ఇంత నాజూకు యంత్రంలో ఏం చేస్తుందనిపిస్తుంది. అదే బరువున్న టంగ్‌స్టన్‌తో పోలిస్తే గ్రాఫైట్ ఎన్నో రెట్లు ఎక్కువ వేడిని దాచుకుంటుంది, నల్లగా ఉండడంతో దాన్ని బాగా చిమ్ముతుంది కూడా. అతుకు ఊడకుండా చూడటమే అసలు పనితనం. కొన్ని పళ్లేలకు అంచు నుంచి లోపలికి కావాలనే చీలికలు కోస్తారు. వ్యాకోచించే లోహానికి ముందే చోటిస్తే అది తనంతట తాను పగలదు.

ఉదయం మొదటి రోగికి ముందు ట్యూబ్‌ని చిన్న చిన్న ఎక్స్‌పోజర్లతో వేడి చేయాలని మాన్యువల్స్ గట్టిగా చెప్పేది చాదస్తం కాదు. చల్లని పళ్లెం మీద ఒక్కసారిగా పెద్ద దెబ్బ పడితే పళ్లెం అడ్డంగా పగిలిపోవచ్చు. ఖరీదైన ట్యూబ్ ఆ ఒక్క తొందరపాటుతో మూలన పడుతుంది.

సీటీ పెట్టిన పరీక్ష

ఇదంతా ఒక ఎత్తు, సీటీ స్కాన్ ఒక ఎత్తు. మామూలు ఎక్స్‌రే ఒక దెబ్బ, తర్వాత విరామం. 1980ల చివర్లో వచ్చిన స్పైరల్ సీటీలో రోగి లోపలికి జారుతూ ఉండగా ట్యూబ్ ఆగకుండా పదుల సెకన్లు కాలాలి. వేడి ఎక్కడికీ పోయే వ్యవధి లేదు, అంతా పళ్లెంలోనే దాచుకోవాలి. హీట్ యూనిట్ అనే పాత కొలత ఇక్కడ ఇంకా వాడుకలో ఉంది. ఒక యూనిట్ సుమారు 0.7 జౌళ్లు. పెద్ద సీటీ ట్యూబ్‌ల పళ్లేలు 70, 80 లక్షల యూనిట్లు పట్టేలా పెరిగాయి. 70 లక్షలంటే 50 లక్షల జౌళ్ల దగ్గర. 15 లీటర్ల చన్నీళ్లను మరిగించే వేడి, ఒక పళ్లెంలో.

దానికి తోడు ఈ ట్యూబ్ ఒక చోట కూర్చోదు. రోగి చుట్టూ సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో గుండ్రంగా తిరుగుతుంది. చుట్టుకి 0.3 సెకన్లైతే దాని మీద పడే బలం గురుత్వం కంటే 27 రెట్లు. తన ఇరుసు చుట్టూ సెకనుకి వందకు పైగా చుట్లు తిరుగుతున్న పళ్లెం బరువు ఒక్కసారిగా 27 రెట్లైనట్టు బేరింగ్‌కి అనిపిస్తుంది. ఇరుసుని ఒక్క చివర పట్టుకుంటే వంగుతుంది కాబట్టి కొత్త ట్యూబ్‌లలో రెండు చివరలా పట్టుకుంటారు. చుట్టుకి పట్టే వ్యవధి 0.25 సెకన్లకు తగ్గితే బలం 38 రెట్లు దాటుతుంది.

2003లో సీమెన్స్ ఈ పోటీ నుంచే పక్కకు తప్పుకుంది. వేడిని దాచుకునే పళ్లేన్ని ఇంకా పెద్దది చేయడం మాని, దాచుకోవాల్సిన అవసరమే లేకుండా చేసింది. స్ట్రాటన్ అనే ఆ ట్యూబ్‌లో పళ్లెం ఒక్కటే కాదు, ట్యూబ్ మొత్తం నూనెలో తిరుగుతుంది. పళ్లెం ట్యూబ్ గోడలో భాగం. దాని ముందు ముఖం శూన్యంలో, వెనక ముఖం నేరుగా నూనెలో. పళ్లెం పట్టేది 8 లక్షల యూనిట్లే, కానీ నిమిషానికి 50 లక్షల యూనిట్ల దాకా నూనెలోకి వదిలేస్తుంది. చిన్న తొట్టికి పెద్ద తూము పెట్టినట్టు. బేరింగ్‌లు శూన్యం బయట ఉన్నాయి కాబట్టి వాటికి మామూలు కందెన చాలు. చిక్కు ఇంకో చోట వచ్చింది. క్యాథోడ్ కూడా ట్యూబ్‌తో పాటే తిరుగుతుంది, కాబట్టి దాన్ని సరిగ్గా ఇరుసు మీద పెట్టి, ఎలక్ట్రాన్ల ధారని బయటి అయస్కాంతాలతో వంచి పళ్లెం అంచుకి పంపాల్సి వచ్చింది. నూనెలో ఇంత పెద్ద వస్తువుని తిప్పడానికి మోటర్ కూడా ఎక్కువ శ్రమించాలి.

ఆ వంచే అయస్కాంతాలే అనుకోని వరమయ్యాయి. ధారని ఎలాగూ వంచుతున్నారు కాబట్టి, సెకనుకి వేల సార్లు దాన్ని రెండు చోట్ల మధ్య అటూ ఇటూ గెంతించారు. కిరణాలను అందుకునే డిటెక్టర్‌లోని ఒక్కో వరస రెండు వేర్వేరు కోణాల నుంచి శరీరాన్ని చూస్తుంది. 32 వరసలతో 64 స్లైసులు, అంటే శరీరపు అడ్డకోత బొమ్మలు, వచ్చింది ఇలాగే. వేడి కోసం చేసిన పని బొమ్మ పదునుకి పనికొచ్చిన అరుదైన సందర్భమిది.

గోడ, క్యాథోడ్

గాజు గోడ పోయి లోహం, సిరామిక్ రావడం గురించి ఎక్కువ చెప్పుకోరు కానీ ట్యూబ్ ఆయుష్షు దాని మీదే నడుస్తుంది. వేడి ఫిలమెంట్ నుంచి టంగ్‌స్టన్ కొంచెం కొంచెం ఆవిరై గాజు మీద అద్దంలా పేరుకుంటుంది. దాని మీదికి విద్యుత్తు దూకి గాజుకి చిల్లు పడేది. ఎర్త్ చేసిన లోహపు గోడకి ఈ బెడద లేదు. పైగా టార్గెట్‌ని తాకిన ఎలక్ట్రాన్లలో సగం దాకా బంతుల్లా వెనక్కి ఎగురుతాయి. పాత ట్యూబ్‌లో అవి మళ్లీ పళ్లెం మీదే ఎక్కడో పడి, అక్కర్లేని చోట కిరణాలు పుట్టించి బొమ్మని మసకబార్చేవి, పళ్లేన్ని ఇంకా వేడెక్కించేవి. ఎర్త్ చేసిన లోహం వాటిని పట్టేసుకుంటుంది. వేడిలో చాలా వాటా ఇలా పళ్లేనికి బదులు గోడకి పోతుంది, గోడని నూనెతో చల్లబరచడం తేలిక.

యానోడ్ ఇంత తట్టుకోవడం నేర్చాక క్యాథోడ్ వెనకబడింది. పిల్లలకీ, రక్తనాళాల పరీక్షలకీ 70, 80 కిలోవోల్టులు మేలు. రేడియేషన్ తగ్గుతుంది, రక్తంలోకి ఎక్కించిన అయోడిన్ బాగా కనపడుతుంది. అయితే తక్కువ వోల్టేజ్ దగ్గర ఫిలమెంట్ చుట్టూ ఎలక్ట్రాన్లు మబ్బులా గుమిగూడి, వెనకొచ్చే వాటిని నెట్టేస్తాయి. వోల్టేజ్ సగమైతే లాగగలిగే కరెంట్ మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. ఫిలమెంట్‌ని ఇంకా కాల్చినా లాభం లేదు, అది త్వరగా సన్నబడి తెగుతుందంతే. చుట్ట తీగకి బదులు పాములా మెలికలు కోసిన సమతల రేకుని వాడే ఫ్లాట్ ఎమిటర్లు దీనికి వచ్చిన జవాబు. వెడల్పు ఎక్కువ కాబట్టి తక్కువ వేడి మీదే ఎక్కువ ఎలక్ట్రాన్లు వస్తాయి, అవి ఒకే దిశలో వస్తాయి కాబట్టి చిన్న చుక్కగా గురిచేయడం తేలిక.

అసలు వేడే లేని క్యాథోడ్ కోసం కూడా ప్రయత్నాలు జరిగాయి. 2000ల మొదట్లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ బృందం కార్బన్ నానోట్యూబ్‌లతో క్యాథోడ్ చేసి చూపింది. వాటి మొనలు ఎంత సన్నమంటే విద్యుత్ క్షేత్రం అక్కడ పోగుపడి, చల్లగా ఉండగానే ఎలక్ట్రాన్లను లాగేస్తుంది. వెలిగించడం, ఆర్పడం మైక్రోసెకన్ల పని. ఒకే పెట్టెలో పదుల క్యాథోడ్‌లు వరసగా పెట్టి, ట్యూబ్‌ని జరపకుండానే వేర్వేరు కోణాల నుంచి బొమ్మలు తీయొచ్చు. పెద్ద సీటీకి కావాల్సినంత కరెంట్‌ని ఏళ్ల తరబడి ఇవ్వడం మాత్రం వేడి ఫిలమెంట్‌కి సాధ్యమైనంత తేలిగ్గా వీటికి కుదరడం లేదు.

టార్గెట్ వైపు అన్నిటికంటే విడ్డూరమైన దారి స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో చూపించింది. ఘన టార్గెట్లన్నిటికీ ఉన్న భయం కరిగిపోతామేమోనని. వీళ్లు ముందే కరిగిన లోహాన్ని సన్నని ధారగా శూన్యంలోకి చిమ్మి, ఎలక్ట్రాన్లను దాని మీదికి గురిపెట్టారు. పాడైన చోటు మరుక్షణంలో కిందికి పోతుంది, దాని వెనకే కొత్త లోహం వస్తుంది. నెర్రెలు లేవు, అరుగుదల లేదు. పది, ఇరవై మైక్రాన్ల చుక్కలో ఘన టార్గెట్ ఓర్చుకోలేనంత పవర్ పెట్టొచ్చు. స్ఫటికాల నిర్మాణం చూసే ప్రయోగశాలల్లో ఇది ఇప్పటికే నడుస్తోంది. ఇక్కడ వాడే గాలియం మిశ్రమం ద్రవలోహ బేరింగ్‌లోని మిశ్రమానికి దగ్గరి చుట్టమే. కానీ గాలియం 31వ మూలకం, దాని నుంచి బలంగా వచ్చే కిరణాలు 9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. స్ఫటికానికి అది సరిపోతుంది, మనిషి ఛాతీని దాటడానికి చాలదు. ఆసుపత్రి ట్యూబ్‌లో ఇప్పటికీ తిరుగుతున్నది టంగ్‌స్టన్, రీనియం పూసిన పళ్లెమే.